వాణిజ్య సదస్సుకు వేదిక ఎంపిక: హైదరాబాదు, విశాఖ అనుభవాలు

ప్రత్యేక వ్యాసం

పెట్టుబడుల సదస్సు జరగనున్నదని ప్రకటన వెలువడగానే పాత్రికేయులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఎవరెవరు హాజరవుతున్నారన్నది. అంతకు కొన్ని నెలల ముందే అధికార యంత్రాంగం తేల్చుకొనవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. అది సదస్సును ఎక్కడ జరపాలన్నది. ఆహ్వానితుల జాబితాను చివరి వారం వరకు సవరించుకొనవచ్చును. వేదికను సవరించుకొనడం దాదాపు అసాధ్యం. ఒకసారి స్థలం ఖరారైన తరువాత ఖర్చు, భద్రత, రవాణా, వసతి, పత్రికలవారి ఏర్పాట్లు అన్నీ దానిని అనుసరించే నడుస్తాయి.

ఈ విషయంలో తెలుగు ప్రాంతాలకు రెండు దశాబ్దాల అనుభవం ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో అంతర్జాతీయ సదస్సుల కోసం 2006లో హైదరాబాదులో ఒక శాశ్వత ప్రాంగణం ప్రారంభమైనది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరగడంతో ఆ ప్రాంగణం తెలంగాణ పరిధిలోకి వెళ్లినది. ఆంధ్రప్రదేశ్ ఈ ప్రశ్నను మళ్లీ మొదటి నుండి ఆలోచించవలసి వచ్చినది. రెండేళ్లు తిరగకముందే, 2016 జనవరి 10 నుండి 12 వరకు, విశాఖపట్నంలో భారత పరిశ్రమల సమాఖ్య భాగస్వామ్య సదస్సు జరిగినది. అప్పుడు విశాఖలో హైదరాబాదును పోలిన హాలు లేదు. ఖాళీ స్థలంలో తాత్కాలిక నిర్మాణాలు వేసి సదస్సు జరిపించారు. ఈ రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే వేదిక ఎంపికలో వేటికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో బోధపడుతుంది.

హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రం

మాదాపూర్ సమీపంలోని ఈ కేంద్రాన్ని ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, దుబాయికి చెందిన ఎమ్మార్ సంస్థల భాగస్వామ్యంలో నిర్మించారు. 2006 జనవరి 7 నుండి 9 వరకు జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌కు, అదే సంవత్సరం మే 3 నుండి 6 వరకు జరిగిన ఆసియా అభివృద్ధి బ్యాంకు 39వ వార్షిక సమావేశానికి ఇది వేదికైనది. తదనంతరం 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ, 2012 అక్టోబరులో జీవ వైవిధ్య ఒడంబడిక దేశాల 11వ సమావేశం, 2017 నవంబరు 28 నుండి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల శిఖరాగ్ర సదస్సు ఇక్కడే జరిగినవి.

ప్రధాన హాలు వైశాల్యం 6,480 చదరపు మీటర్లు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. వరుసగా కుర్చీలు వేస్తే 5,000 మందికి పైగా కూర్చొనవచ్చును. అనగా నడవలు, వేదిక అన్నీ కలుపుకొని మనిషికి దాదాపు 1.3 చదరపు మీటర్ల స్థలం. అయితే ఈ సంఖ్యను యథాతథంగా తీసుకొనరాదు. రాసుకొనడానికి బల్లలు వేసినా, విందు కోసం గుండ్రని బల్లలు అమర్చినా అదే హాలులో పట్టే జనం సగానికి చేరువగా తగ్గిపోతారు. హాలు సామర్థ్యం ఎంత అని అడిగేటప్పుడు ఏ అమరికలో అని కూడా అడగడం అవసరం. పత్రికా ప్రకటనలలో ఈ తేడా తరచుగా కనిపించదు.

వాణిజ్య సదస్సుకు పెద్ద హాలు ప్రారంభోత్సవం రోజున, ముగింపు రోజున మాత్రమే నిండుతుంది. మిగిలిన సమయమంతా పని చిన్న గదులలో జరుగుతుంది. ఒక రంగానికి చెందిన ముప్పై మంది, ఒక దేశం నుండి వచ్చిన పదిహేను మంది, ఒక సంస్థ అధిపతి, ఒక శాఖ కార్యదర్శి ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనేది అక్కడే. హైదరాబాదు కేంద్రంలోని ప్రధాన హాలును కదిలే గోడలతో ఆరు భాగాలుగా విడదీయడానికి వీలున్నది. ఆ కేంద్రం విలువ 5,000 కుర్చీలలో కంటే ఈ గోడలలోనే ఎక్కువగా ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

హాలును ఆనుకొనియున్న హోటలులో గదులు సుమారు 290 మాత్రమే. పెద్ద సదస్సుకు వచ్చే ప్రతినిధులలో అధిక సంఖ్యాకులు నగరంలోని ఇతర హోటళ్లలో బస చేయక తప్పదు. అసలు కష్టం మొదలయ్యేది ఇక్కడి నుండే.

గదికి, కుర్చీకి మధ్య

వేదికను ఎంపిక చేసేటప్పుడు అన్నిటికంటే ముందుగా కొలవవలసినది ప్రతినిధి బస చేసే గదికి, సభలో కూర్చొనే కుర్చీకి మధ్య పట్టే సమయం. కిలోమీటర్లు కాదు, నిమిషాలు. అది కూడా ఆదివారం మధ్యాహ్నం కారులో వెళ్లి చూసుకొనే నిమిషాలు కాక, పనిదినాన ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య బస్సులో పట్టే నిమిషాలు.

ఒక లెక్క చూద్దాం. 2,000 మంది ప్రతినిధులు, ఒక్కొక్క బస్సులో 40 మంది అనుకుంటే 50 బస్సుల జనం. హోటళ్ల నుండి వేదికకు 45 నిమిషాల ప్రయాణమైతే, వెళ్లి తిరిగి వచ్చేసరికి గంటన్నర పడుతుంది. కాబట్టి ఒకే బస్సు రెండు విడతలు తిరగడం కుదరదు. 50 బస్సులూ ఒకేసారి కావాలి. అవే హోటళ్లు 15 నిమిషాల దూరంలో ఉంటే 25 బస్సులు రెండు విడతలుగా తిరిగి అదే పని చేయగలవు.

వేదిక ముఖద్వారం వద్ద మరొక లెక్క ఉన్నది. ఒకేసారి అయిదు బస్సులు ఆగగల చోటు ఉండి, ఒక్కొక్కటి ఖాళీ అయి కదలడానికి నాలుగు నిమిషాలు పడితే 50 బస్సులు దిగడానికి 40 నిమిషాలు. అటుపిమ్మట భద్రతా తనిఖీ. ఒక్కొక్క తనిఖీ ద్వారం గుండా నిమిషానికి ఆరుగురు చొప్పున పది ద్వారాల గుండా 60 మంది. 2,000 మందికి అరగంటకు పైమాటే. ప్రధానమంత్రి వంటి ప్రముఖులు పాల్గొనే సభ అయితే ఈ తనిఖీ నిదానిస్తుంది, ద్వారాలను కూడా ముందుగానే మూసివేస్తారు. 9.30 గంటలకు ఆరంభం కావలసిన సభకు ప్రతినిధి హోటలు గది తలుపు వేసి 7.30కే బయలుదేరవలసి రావడానికి కారణం ఇదే. మూడు రోజులపాటు ఇదే తంతు అయితే మూడవ రోజున కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీ కుర్చీల ఛాయాచిత్రాన్ని పత్రికలు ప్రచురించినప్పుడు స్పందన కరువైనదని అర్థం చేసుకొంటారు గాని, బస్సుల లెక్కను ఎవరూ చూడరు.

ఈ నిమిషాలు శాశ్వతం కావు. 2006లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సమావేశానికి విచ్చేసినవారు నగరం నడిమధ్యనున్న బేగంపేట విమానాశ్రయంలో దిగారు. 2008 మార్చి 23 నుండి విమానాల రాకపోకలు శంషాబాదుకు మారినవి. సమావేశ కేంద్రం అక్కడే ఉన్నది, విమానాశ్రయం మాత్రం 30 కిలోమీటర్లకు పైబడి దూరం జరిగినది. బాహ్య వలయ రహదారిలో గచ్చిబౌలి, శంషాబాదు మధ్య భాగం రాకపోతే ఈ మార్పు సమావేశ కేంద్రానికి ఇబ్బందికరంగానే ఉండేది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ప్రారంభమైన రోజుననే హైదరాబాదు మెట్రో తొలి మార్గాన్ని కూడా ప్రారంభించారు. కాని మెట్రో హైటెక్ సిటీకి చేరినది 2019 మార్చిలో. ఆ సదస్సు ప్రతినిధులకు మెట్రో వార్తగా ఉపయోగపడినదే తప్ప ప్రయాణానికి ఉపయోగపడలేదు. త్వరలో రానున్న రహదారిని, రైలును లెక్కలో చేర్చుకొని వేదికను ఖరారు చేయరాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

విశాఖ: హాలు లేని నగరం

2016, 2017, 2018 సంవత్సరాలలో వరుసగా మూడు భాగస్వామ్య సదస్సులకు విశాఖ వేదికైనది. బీచ్ రోడ్డు చెంత, హార్బర్ పార్కు వద్దగల ఏ.పి.ఐ.ఐ.సి. మైదానంలో వాటిని నిర్వహించారు. 2023 మార్చి 3, 4 తేదీలలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు, 2025 నవంబరు 14, 15 తేదీలలో 30వ భాగస్వామ్య సదస్సు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల మైదానంలో జరిగినవి.

పైన చెప్పిన నిమిషాల లెక్క ప్రకారం చూస్తే ఈ ఎంపికలో వివేకం ఉన్నది. సముద్రతీరం వెంబడి, సిరిపురం పరిసరాలలో ఉన్న ప్రధాన హోటళ్లకు ఈ రెండు మైదానాలూ సమీపమే. విమానాశ్రయం నుండి పదిహేను కిలోమీటర్ల లోపే. దారిలో ఎన్.ఎ.డి. కూడలి వద్ద రద్దీని అదుపు చేయగలిగితే ప్రతినిధి దిగిన గంటలోగా గదికి చేరగలడు. హాలు లేకపోయినా మిగిలినవి అనుకూలంగా ఉన్న నగరం, గొప్ప హాలు ఉండి మిగిలినవి అనుకూలించని నగరం కంటే మేలు కావచ్చునని విశాఖ నిరూపించినది.

అయితే తాత్కాలిక నిర్మాణాలకు వాటి ఇబ్బందులు వాటికి ఉన్నవి. అల్యూమినియం చట్రాలపై నిలిపే ఈ భారీ గుడారాలకు నేలను చదును చేయడం, తాత్కాలిక విద్యుత్తు, జనరేటర్లు, శీతల యంత్రాలు, నీరు, మరుగుదొడ్లు, అంతర్జాల సదుపాయం అన్నీ కొత్తగా కల్పించవలసినదే. రెండు రోజుల సభకు వారాల తరబడి పని. పలుచని గోడల మూలంగా పక్క గదిలోని ప్రసంగం ఈ గదిలోకి వినిపిస్తుంది. ఏకాంతంగా మాట్లాడుకొనవలసిన వ్యాపార చర్చలకు ఇది పెద్ద లోపం. అందుచేత ఇటువంటి సదస్సులలో ముఖాముఖి సమావేశాలను సమీప హోటళ్లలోని గదులలో పెట్టుకొనడం మంచిది. చిన్న సమావేశమైతే గుడారం ప్రసక్తే రాదు. 2023 మార్చి 28, 29 తేదీలలో విశాఖలో జరిగిన జి-20 మౌలిక సదుపాయాల కార్యాచరణ బృందం సమావేశానికి ఒక హోటలు సరిపోయినది.

అన్నిటికంటే ముఖ్యం అగ్ని ప్రమాద నివారణ. 2016 ఫిబ్రవరి 14 రాత్రి ముంబయిలో, మేక్ ఇన్ ఇండియా వారోత్సవాలలో భాగంగా గిర్‌గావ్ చౌపాటీ వద్ద ఏర్పాటైన సాంస్కృతిక కార్యక్రమం జరుగుతుండగా వేదిక అగ్నికి ఆహుతైనది. ప్రముఖులు, ప్రేక్షకులు అందరూ సురక్షితంగా బయటపడగలిగారు. అది పైకప్పు లేని సముద్రతీరం కావడం ఇందుకు తోడ్పడినదని భావించవచ్చును. కప్పు కింద, నాలుగు వైపులా తెరలు కట్టిన చోట అదే జరిగితే పరిస్థితి వేరు. తాత్కాలిక నిర్మాణాలు, పందిళ్లకు సంబంధించి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 8758 పేరిట మార్గదర్శకాలను రూపొందించినది. విద్యుత్తు తీగల కింద పందిరి వేయరాదన్నది వాటిలో ఒకటి. స్థలాన్ని తొలిసారి పరిశీలించడానికి వెళ్లే బృందంలోనే అగ్నిమాపక శాఖ అధికారి ఉండవలెను. గుడారం లేచిన తరువాత తనిఖీకి పిలిస్తే ఆయన చేయగలిగినది సంతకం చేయడమో, మానడమో మాత్రమే. అగ్నిమాపక శకటం ఏ వైపు నుండి లోనికి రాగలదన్నది మైదానం ఖాళీగా ఉన్నప్పుడే తేలాలి.

రుతువు, పంచాంగం

కోస్తా తీరంలో తేదీని వేరుగా, స్థలాన్ని వేరుగా నిర్ణయించడం కుదరదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ భవనం దెబ్బతిన్నది, విమాన రాకపోకలు కొన్ని రోజులపాటు స్తంభించినవి. 2025లో భాగస్వామ్య సదస్సుకు పదిహేడు రోజుల ముందు, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినది. అక్టోబరు, నవంబరు మాసాలు తీరాంధ్రకు తుపానుల కాలమన్నది విదితమే. ఆ నెలలలో బహిరంగ మైదానాన్ని ఎంచుకొంటే ప్రత్యామ్నాయంగా పక్కా భవనమొకటి సిద్ధం చేసుకొనడం విలాసం కాదు. 2016 నుండి 2018 వరకు మూడు సదస్సులనూ జనవరి, ఫిబ్రవరి మాసాలలో జరపడం ఈ దృష్ట్యా ఉచితంగా ఉన్నది.

కొన్ని సమావేశాల తేదీ మన చేతిలో ఉండదు. ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం సాధారణంగా మే నెల ప్రాంతంలో జరిగేది. హైదరాబాదులో రోహిణి కార్తెకు ముందటి ఎండలు ఎట్లుంటాయో చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు పూర్తిగా శీతలీకరించిన శాశ్వత భవనం ఉన్న నగరానికే అవకాశం.

పంచాంగాన్ని చూడడం మరొక అవసరం. ఇది ముహూర్తం కోసం కాదు, హోటలు గదుల కోసం. మాఘ, ఫాల్గుణ మాసాలలో పెళ్లిళ్ల తిథులు దగ్గరగా పడితే విశాఖలో గాని, విజయవాడలో గాని గదులు, కల్యాణ మండపాలు, అద్దె బస్సులు, చివరకు వంటవారు సైతం దొరకడం కష్టం. ధనుర్మాసంలో, పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు గనుక గదులు ఖాళీగా లభిస్తాయి. కాని సంక్రాంతి ముంగిట రైళ్లు, బస్సులు కిటకిటలాడుతాయి. 2016 సదస్సు జనవరి 12తో ముగియగా ఆ ఏడు సంక్రాంతి 15న వచ్చినది. మరికొన్ని రోజులు జరిగియుంటే ప్రతినిధులకు, ఊళ్లకు వెళ్లే ప్రజలకు ఒకేసారి రవాణా కల్పించవలసి వచ్చేది. మార్చి నెల విద్యార్థుల పరీక్షల కాలం. కళాశాల ఆవరణను వేదికగా తీసుకొనేటప్పుడు ఈ సంగతిని విద్యాశాఖతో ముందుగా సంప్రదించవలసి ఉంటుంది.

స్థలమే సందేశమైనప్పుడు

సదుపాయాల లెక్కకు లొంగని ఎంపికలు కూడా కొన్ని ఉంటాయి. స్విట్జర్లాండులోని దావోస్ చిన్న పర్వత పట్టణం. పెద్ద విమానాశ్రయం సమీపంలో లేదు, జనవరిలో దట్టమైన మంచు. అయినప్పటికీ 1971 నుండి ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలు దాదాపు ఎల్లప్పుడూ అక్కడే జరుగుతూ వస్తున్నవి. చిన్న ఊరిలో వచ్చినవారెవరూ వేరే పనిపై చెదిరిపోయే అవకాశం లేదు, దారిలోనే ఒకరికొకరు తారసపడతారు. ఆ సదస్సుకు కావలసినది అదే. మరి పరిశ్రమ స్థాపించదలచినవారికి రేవును, పారిశ్రామిక వాడను, భూమిని చూపించవలసిన సదస్సు ఆ పద్ధతిలో జరగదు. అది రేవున్న చోట జరగాలి. విశాఖకు ఉన్న బలం ఇదే.

తెలంగాణ ప్రభుత్వం 2025 డిసెంబరు 8, 9 తేదీలలో గ్లోబల్ సమ్మిట్‌ను హైదరాబాదు సమావేశ కేంద్రంలో కాక, రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో తలపెట్టిన ఫ్యూచర్ సిటీ ప్రాంతంలో జరిపినది. సిద్ధంగా ఉన్న హాలును వదలి ఆరుబయలుకు వెళ్లడంలో ఉద్దేశం స్పష్టమే: రాబోయే నగరం ఎక్కడో చూపించడం. ఇటువంటి ఎంపిక తప్పు కాదు. అయితే స్థలాన్ని సందేశంగా ఎంచుకొన్నప్పుడు దానివలన అదనంగా పడే రవాణా, నిర్మాణ వ్యయాన్ని ఆ సందేశం ఖర్చుగానే లెక్కలో చూపడం సమంజసం.

శాశ్వత భవనమా, తాత్కాలిక నిర్మాణమా అన్న చర్చ ప్రతి సదస్సు అనంతరం వస్తున్నది. 2003లో ఆరంభమైన వైబ్రంట్ గుజరాత్ సదస్సులకు 2011 నుండి గాంధీనగర్‌లోని మహాత్మా మందిర్ వేదికగా ఉన్నది. ఢిల్లీలో 2023 జూలైలో భారత్ మండపం, సెప్టెంబరులో యశోభూమి ప్రారంభమైనవి. వాటిని చూసి ప్రతి నగరం తనకూ ఒకటి కావాలని కోరుకొనడం సహజం. దీనికి ఒకే గీటురాయి: ప్రభుత్వ సదస్సు జరిగే రెండు, మూడు రోజులు పోను సంవత్సరంలో మిగిలిన రోజులలో ఆ హాలును ఎవరు అద్దెకు తీసుకొంటారన్నది. వైద్యుల మహాసభలు, ప్రదర్శనలు, కంపెనీల వార్షిక సమావేశాలు క్రమం తప్పకుండా వచ్చే నగరమైతే భవనం తన ఖర్చును తాను భరించుకొంటుంది. కానట్లయితే దీపాలు, శీతల యంత్రాలు, కాపలా ఖర్చు ఏటేటా ఖజానాపై పడుతుంది. గుడారానికి పెట్టిన సొమ్ము రెండు రోజులలో కరిగిపోతుందన్న విమర్శలో నిజం ఉన్నది. వాడకం లేని భవనానికి పెట్టిన సొమ్ము నిదానంగా కరుగుతుంది గనుక అంతగా కంటికి కనిపించదు.

పాత్రికేయ మిత్రుల ఏర్పాట్లను గురించి ఒక మాట. మీడియా కేంద్రం ప్రధాన ప్రాంగణానికి నడక దూరంలో ఉండడం, ప్రతినిధులు రాకపోకలు సాగించే దారిలో ఉండడం అవసరం. భద్రత పేరిట దానిని మైదానం వెనుక భాగానికి నెట్టివేస్తే విలేకరులకు తెరపై కనిపించే ప్రసంగం తప్ప మరేమీ లభించదు. ఒప్పందాల వివరాలు చెప్పగలిగిన అధికారి వారికి ఎదురుపడడు. స్థల నమూనా చిత్రపటాన్ని ఆమోదించే సమావేశానికి సమాచార శాఖ ప్రతినిధిని పిలవడం వలన ఈ ఇబ్బంది చాలా వరకు తొలగుతుంది.

చివరగా, మైదానాన్ని ఇచ్చినవారి సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానం విద్యార్థులది. సదస్సు ముగిసిన మరునాడు ప్రతినిధులు, పత్రికలవారు వెళ్లిపోతారు. మేకులు దిగిన నేల, లారీల చక్రాల గాడులు, కేబుళ్ల కోసం తవ్విన కందకాలు మిగులుతాయి. నిర్మాణాల తొలగింపు, నేల చదును, చెత్త తరలింపు పనులను అదే టెండరులో చేర్చి, మైదానాన్ని తిరిగి అప్పగించవలసిన తేదీని అనుమతి పత్రంలోనే పేర్కొని, ఆ పనులు పూర్తయినట్లు కళాశాల ప్రిన్సిపాల్ ధ్రువీకరించిన తరువాతనే గుత్తేదారుకు తుది బిల్లు చెల్లించడం ఉచితం.